తుమ్మలపల్లె నుంచి రియాక్టర్ దాకా: ఒక సప్లై చైన్ కథ

ఆపరేషన్స్, సప్లై చైన్ మేనేజ్‌మెంట్ మీద బేసిక్స్ నుంచి ఒక ఎపిసోడ్ చేయమని చాలామంది అడుగుతున్నారు. బీకాం వాళ్లు, ఎంబీఏ వాళ్లు, ఇంజినీరింగ్ అయిపోయి ఇంటర్వ్యూలకు తయారయ్యే వాళ్లు. ఈ సబ్జెక్టు మీద ఏ వీడియో చూసినా ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన పార్సిల్, పది నిమిషాల్లో వచ్చే సరుకులు, పిజ్జా డెలివరీ, ఇవే ఉదాహరణలు. అవి తప్పేం కాదు. కానీ మన కడప జిల్లాలోనే, ఈ సబ్జెక్టు మొత్తం ఒక్కచోట కనిపించే కథ ఒకటి ఉంది. ఈరోజు అది చెప్తాను.

మీ ఫోన్‌లో మ్యాప్ తెరవండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్లు వెతకండి. పులివెందుల దగ్గరికి జూమ్ చేస్తే వేముల మండలం కనిపిస్తుంది. అందులో తుమ్మలపల్లె. చుట్టూ అరటి తోటలు, చీనీ తోటలు, ఎర్రమట్టి, బండ నేల. ఆ నేల కింద యురేనియం ఉంది. అక్కడ తవ్విన రాయి హైదరాబాద్ పోయి, అక్కడి నుంచి రియాక్టర్‌లోకి పోయి, కరెంటు అయి వస్తుంది.

ముందు రెండు మాటల తేడా చూద్దాం. పులివెందుల రైతు అరటి తోట పెట్టాడు. పిలకలు నాటడం, నీళ్లు కట్టడం, ఎరువు వేయడం, గెల కోయడం, ఇదంతా ఆపరేషన్స్. అంటే ఒక చోట, చేతిలో ఉన్న వాటితో కావాల్సింది తయారు చేయడం. ఆ గెల లారీ ఎక్కి, మార్కెట్‌కి పోయి, మగ్గబెట్టే గోడౌన్‌లో ఉండి, ఢిల్లీలో ఎవరి చేతికో చేరేదాకా ఉండేది సప్లై చైన్. తోటలో పని బాగా జరిగినా లారీ రాకపోతే గెల కుళ్లిపోతుంది. లారీ ఉన్నా నీళ్లు లేకపోతే గెలే ఉండదు. రెండూ కలిసే నడవాలి. యురేనియం కుళ్లిపోదు కాబట్టి ఆ తొందర లేదు. కానీ దానికి వేరే చిక్కులున్నాయి.

ఏ సప్లై చైన్‌నైనా అర్థం చేసుకోవాలంటే చివరి నుంచి మొదలుపెట్టాలి. ఎవరికి కావాలి, ఎంత కావాలి, ఎప్పుడెప్పుడు కావాలి? ఇక్కడ కస్టమర్ అణు రియాక్టర్. మన దేశంలో ఎక్కువగా ఉన్నవి భారజలంతో నడిచే రియాక్టర్లు. కర్ణాటకలో కైగా ఉంది కదా, అక్కడున్నట్టి 220 మెగావాట్ల రియాక్టర్ తీసుకుందాం. అందులో 306 గొట్టాలు అడ్డంగా ఉంటాయి. ఒక్కో గొట్టంలో 12 ఇంధన కట్టలు, అంటే బండిల్స్. మొత్తం 3,672. ఒక్కో బండిల్ అర మీటరు పొడవు, దాదాపు 16 కిలోల బరువు. ఈ రియాక్టర్ ప్రత్యేకత ఏమంటే, దాన్ని ఆపకుండానే ఒక వైపు నుంచి కొత్త బండిల్స్ తోస్తూ ఇంకో వైపు నుంచి పాతవి తీసేస్తుంటారు. పొయ్యి ఆర్పకుండా కట్టెలు ఎగదోసినట్టు.

అంటే ఈ కస్టమర్‌కి ఏడాదికి ఒకసారి పెద్ద ఆర్డర్ ఉండదు. రోజూ కొద్దికొద్దిగా, ఆగకుండా కావాలి. కైగా మొదటి యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబర్ 31 దాకా 962 రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది. అది నడిచింది మన దేశంలో తవ్విన యురేనియంతోనే. 962 రోజులు రియాక్టర్ ఆగలేదంటే, దాని వెనక ఇంధనం పంపే వాళ్లు కూడా ఒక్కసారీ చేతులెత్తేయలేదని అర్థం. రికార్డు రియాక్టర్ పేరు మీద పడింది, చైన్ పేరు ఎవరికీ తెలియదు. ఈ సబ్జెక్టులో పనిచేయబోయే వాళ్లు దీనికి ఇప్పుడే అలవాటు పడండి.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం. మన దేశంలో మొదటి అణు విద్యుత్ కేంద్రం మహారాష్ట్రలోని తారాపూర్. 1969లో మొదలైంది. అది శుద్ధి చేసి గాఢత పెంచిన యురేనియంతో నడిచే రకం. ఆ ఇంధనం అమెరికా ఇస్తానని ఒప్పందం. ఒకే సప్లయర్. సంతకాలయ్యాయి, అంతా బాగుంది. 1974లో ఇండియా పోఖ్రాన్‌లో అణు పరీక్ష చేసింది. 1978లో అమెరికా తమ దేశంలో కొత్త చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం మనకు ఇంధనం పంపడం కుదరదంది. 1982లో ఫ్రాన్స్‌తో మాట్లాడుకోవాల్సి వచ్చింది. తర్వాత చైనా, ఆ తర్వాత రష్యా. ఒక్క ప్లాంటు కోసం నాలుగు దేశాల గడప తొక్కాం.

పుస్తకాల్లో దీన్ని సింగిల్ సోర్సింగ్ రిస్క్ అంటారు. ఊళ్లో చెప్పాలంటే, ఒకే బోరు మీద పదెకరాలు పెట్టడం. బోరు బాగున్నన్నాళ్లూ ఎవరికీ భయం ఉండదు.

ఈ దెబ్బకి ముందే మన శాస్త్రవేత్తలు ఇంకో దారి ఎంచుకుని ఉన్నారు. గాఢత పెంచాల్సిన పని లేకుండా, నేలలో దొరికిన యురేనియంతోనే నడిచే భారజల రియాక్టర్లు. దాని కోసం చైన్ మొత్తం దేశంలోనే కట్టుకున్నారు. 1967లో యురేనియం కార్పొరేషన్ పెట్టారు. ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్న జాదూగూడలో గని. 1971లో హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. ఈసీఐఎల్ పక్కన ఉంటుంది, బస్సులో పోతూ బోర్డు చూసుంటారు. గని నుంచి వచ్చిన పొడిని అక్కడ శుద్ధి చేస్తారు, చిన్న చిన్న బిళ్లలుగా నొక్కుతారు, కొలిమిలో బాగా కాలుస్తారు, జిర్కోనియం మిశ్రమం గొట్టాల్లో పేరుస్తారు. 220 మెగావాట్ల రియాక్టర్ బండిల్ అంటే అలాంటి గొట్టాలు 19 కలిపిన కట్ట.

గని, మిల్లు, ఫ్యాక్టరీ, రియాక్టర్. అన్నీ మనవే. మరి సమస్య ఎక్కడొచ్చింది?

రియాక్టర్లు పెరిగాయి, గనులు అంత వేగంగా పెరగలేదు. 2008-09 నాటికి పరిస్థితి ఎట్లా అయిందంటే, దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలు సగటున సగం సామర్థ్యంతోనే నడిచాయి. యంత్రాలు బాగున్నాయి, మనుషులున్నారు, కరెంటుకు గిరాకీ ఉంది. ఇంధనం లేదు. వేల కోట్లు పెట్టి కట్టినవి సగం ఖాళీగా ఉన్నాయి.

ఇక్కడ బాటిల్‌నెక్ అనే మాట నేర్చుకోవాలి. ఎలియాహు గోల్డ్‌రాట్ అని ఇజ్రాయెల్ ఫిజిక్స్ ఆయన, 1984లో ‘ది గోల్’ అని ఒక నవల రాశాడు. ఫ్యాక్టరీ గురించి నవల. ఎంబీఏ కాలేజీల్లో ఇప్పటికీ చదివిస్తారు. ఆయన చెప్పింది సింపుల్. ఏ వరసలోనైనా అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే చోటే మొత్తం వరస వేగాన్ని తేలుస్తుంది. మిగతా చోట్ల ఎంత ఖర్చు పెట్టి వేగం పెంచినా లాభం లేదు. పెళ్లి పంక్తిలో వడ్డించే వాళ్లు పదిమంది ఉన్నా అన్నం వార్చేది ఒక్క గుండిగలో అయితే పంక్తి ఎట్లా కదులుతుంది? అప్పుడు మన అణు విద్యుత్తుకు ఆ గుండిగ, గని.

రెండు పరిష్కారాలు వెతికారు. ఒకటి దిగుమతి. 2008 సెప్టెంబర్‌లో అణు సరఫరా దేశాల బృందం ఇండియాకి మినహాయింపు ఇచ్చింది. ఫ్రాన్స్, రష్యా, కజకిస్తాన్ నుంచి, తర్వాత కెనడా నుంచి కూడా యురేనియం రావడం మొదలైంది. కానీ ఒక షరతు. బయటి యురేనియం అంతర్జాతీయ తనిఖీ కింద ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. మిగతావి సొంత యురేనియం మీదే బతకాలి. అంటే ఒకే సరుకు, రెండు వేర్వేరు చైన్లు. ఒకదాంట్లో మిగిలింది ఇంకోదాంట్లో పోయడానికి లేదు. అందుకే రెండో పరిష్కారం, సొంత గనులు పెంచడం, తప్పలేదు. ఆ పని 2008 కన్నా ముందే మొదలైంది. తుమ్మలపల్లె అట్లా సీన్‌లోకి వచ్చింది.

అసలు ఇక్కడ యురేనియం ఉందని 1980ల్లోనే తెలుసు. అణు ఖనిజాల డైరెక్టరేట్ వాళ్లు వెతికి పట్టారు. మరి రెండు దశాబ్దాలు ఎందుకు ఆగారు? రెండు కారణాలు. ఒకటి, మన దగ్గర ఖనిజం చాలా పలుచన. సుమారు 0.04 శాతం. రెండోది, అది ఉన్న రాయి.

మీ ఇంట్లో వంటగదిలో కడప బండ ఉందా? దానిమీద నిమ్మరసం పడి అట్లే ఉండిపోతే ఏమవుతుంది? మచ్చ పడుతుంది. పులుపు సున్నపురాయిని తింటుంది. జాదూగూడలో రాయిని పొడి చేసి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో నానబెట్టి యురేనియం లాగుతారు. తుమ్మలపల్లె రాయి డోలోమైట్ రకం, మన బండకు దాయాది లాంటిది. దానిమీద యాసిడ్ పోస్తే యురేనియం కన్నా ముందు రాయే యాసిడ్‌ను తాగేస్తుంది. ట్యాంకర్లకు ట్యాంకర్లు పోయాలి. వచ్చే సరుకు విలువ కన్నా యాసిడ్ ఖర్చే ఎక్కువ.

కాబట్టి జాదూగూడ పద్ధతి ఇక్కడికి తెచ్చి పెట్టడం కుదరదు. దీన్నే ప్రాసెస్ సెలెక్షన్ అంటారు. ముడి సరుకు మారితే పద్ధతి మారాలి. ఇక్కడ యాసిడ్‌కి బదులు క్షారం వాడాలని తేల్చి, భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు దాని మీద పనిచేశారు. సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్. ఇళ్లలో బట్టల సోడా, వంట సోడా అంటామే, ఆ రకాలే. రాయిని మెత్తగా పొడి చేసి, ఈ ద్రావణంలో కలిపి, ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో ఆక్సిజన్ పంపి వేడి చేస్తారు. యురేనియం నీళ్లలోకి దిగుతుంది. తర్వాత కాస్టిక్ సోడా కలిపితే సోడియం డైయురేనేట్ అని పసుపు రంగు పొడి వస్తుంది. వాడిన సోడాను మళ్లీ పనికొచ్చేట్టు చేసి లోపలికే తిప్పుకుంటారు. దేశంలో ఈ పద్ధతిలో కట్టిన మొదటి మిల్లు తుమ్మలపల్లెదే.

2007 నవంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో గని, మిల్లు నడవడం మొదలైంది. డిజైన్ ప్రకారం రోజుకు 3,000 టన్నుల రాయి.

ఇంకో ప్రశ్న. మిల్లు తుమ్మలపల్లెలోనే ఎందుకు కట్టారు? హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ ఎటూ ఉంది కదా, రాయిని అక్కడికే తోలచ్చు కదా? లెక్క వేద్దాం. 0.04 శాతం అంటే టన్ను రాయిలో 400 గ్రాముల యురేనియం ఆక్సైడ్. మొత్తం లాగగలిగినా అంతే. ఒక్క బండిల్ తయారు కావాలంటే కనీసం 40 టన్నుల రాయి కావాలి. రెండు పెద్ద టిప్పర్లు నిండా. ఒక 220 మెగావాట్ల రియాక్టర్ మొదటిసారి నింపాలంటే దాదాపు లక్షన్నర టన్నులు. రోజుకు 3,000 టన్నులు తవ్వినా 49 రోజుల పని. ఇంత రాయిని హైదరాబాద్ దాకా మోసి, అక్కడ దాదాపు అంతా పారబోయడం ఎవరైనా చేస్తారా?

ఆల్ఫ్రెడ్ వెబర్ అనే జర్మన్ ఆయన 1909లోనే ఈ విషయం రాశాడు. తయారీలో బరువు తగ్గిపోయే సరుకైతే ఫ్యాక్టరీ ముడి సరుకు దగ్గరే పెట్టాలి అని. మన జిల్లాలో దీన్ని రోజూ చూస్తుంటాం. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు లేచాయి? సున్నపురాయి అక్కడుంది కాబట్టి. ఆ రాయి కాలిస్తే బరువులో నలభై శాతం పైగా గాలిలో కలిసిపోతుంది. ఆ బరువుకు లారీ కిరాయి కట్టడం దండగ. ప్రొద్దుటూరు బంగారం దీనికి పూర్తి రివర్స్. ఎక్కడి నుంచి ఎక్కడికి తెచ్చినా బరువు మారదు, మోసే ఖర్చు లెక్కలోకి రాదు. కాబట్టి బంగారం పని గని దగ్గర పెట్టుకోవాల్సిన పని లేదు, నమ్మకం, పనితనం, కొనేవాళ్లు ఉన్న ఊళ్లో పెట్టుకోవచ్చు.

2011 జులైలో అప్పటి అణుశక్తి కమిషన్ చైర్మన్ శ్రీకుమార్ బెనర్జీ ఒక ప్రకటన చేశారు. తుమ్మలపల్లెలో 49,000 టన్నుల యురేనియం ఖాయంగా ఉంది, అది మూడింతలు, అంటే లక్షన్నర టన్నుల దాకా ఉండొచ్చు అని. ప్రపంచంలోనే పెద్ద నిల్వ అవుతుందేమో అని పేపర్లలో హెడ్డింగులు వచ్చాయి. ఇక కరువు తీరిందన్నట్టు మాట్లాడుకున్నారు.

ఇక్కడే మీరు కాలిక్యులేటర్ తీయాలి. రోజుకు 3,000 టన్నులు, 0.04 శాతం. రోజుకు మహా అయితే 1.2 టన్నులు. ఏడాదికి 300 రోజులు నడిపినా 360 టన్నులు. 49,000ని 360తో భాగించండి. 136 ఏళ్లు. అంటే నేలలో ఎంత ఉంది అన్నది ఒక సంగతి, ఏడాదికి ఎంత బయటికి తీయగలం అన్నది ఇంకో సంగతి. మొదటిది నిల్వ, రెండోది ప్రవాహం. బావిలో నీళ్లు నిండుగా ఉన్నాయి, మోటారు అర హార్స్ పవర్. ఎకరా తడవడానికి పట్టే టైమును మోటారే తేలుస్తుంది. వార్తల్లో ఎప్పుడూ నిల్వ లెక్క చెప్తారు. సప్లై చైన్ మనిషి ఎప్పుడూ ప్రవాహం లెక్క అడగాలి.

ఇంతవరకూ చెప్పింది ఏ పుస్తకంలోనైనా ఏదో ఒక చాప్టర్‌లో దొరుకుతుంది. డిమాండ్, సప్లయర్, బాటిల్‌నెక్, ప్రాసెస్, లొకేషన్, కెపాసిటీ. నేను కూడా మొదట ఈ చైన్‌ని కాగితం మీద గీసుకున్నప్పుడు ఐదు డబ్బాలు, మధ్యలో బాణాలు గీశాను. గని, మిల్లు, హైదరాబాద్, రియాక్టర్, మన ఇంట్లో బల్బు. చూడ్డానికి నీట్‌గా ఉంది. తర్వాత కిలోల లెక్క రాసుకుంటూ పోతే ఒక చోట ఆగిపోయాను.

వెయ్యి కిలోల రాయి మిల్లులోకి పోయింది. హైదరాబాద్ పోయే యురేనియం అర కిలో కూడా లేదు. మిగతా 999 కిలోలకు పైగా ఎక్కడికి పోయింది? నా బొమ్మలో దానికి డబ్బానే లేదు.

అది ఎక్కడికీ పోలేదు. మెత్తటి బురదగా మారి, గొట్టాల్లో ప్రవహించి, కొట్టాల దగ్గర కట్టిన టెయిలింగ్ పాండ్‌లోకి చేరింది. రోజుకు 3,000 టన్నుల చొప్పున, ఏడాదికి తొమ్మిది లక్షల టన్నులు. మామూలు రాతిపొడి అయితే వేరే సంగతి. యురేనియం తీసేసినా రాయిలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం ఆ బురదలోనే మిగులుతుంది. అందులో రేడియం ఉంటుంది. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. గని ఆయుష్షు వందేళ్లనుకుందాం. చెరువును కాపలా కాయాల్సింది వేల ఏళ్లు.

చుట్టుపక్కల కనంపల్లె, మబ్బుచింతలపల్లె, కొట్టాల రైతులు కొన్నేళ్లుగా చెప్తున్నారు. బోర్లలో నీళ్లు మారాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని. పాండ్ అడుగున నీరు ఇంకకుండా వేయాల్సిన పొర సరిగా ఉందా లేదా అన్నది అసలు గొడవ. తమ వల్ల కాదని, ఈ నేలలో సహజంగానే ఆ ఖనిజం ఉందని సంస్థ వాదన. విషయం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దాకా పోయింది, నోటీసులు వచ్చాయి, పరిశీలనలు జరిగాయి. నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పను. కానీ ఒకటి గమనించండి. ఆ రైతు ఈ చైన్‌లో ఎక్కడున్నాడు? సప్లయర్ కాదు, కస్టమర్ కాదు, ఉద్యోగి కాదు. అయినా చైన్‌లో అన్నిటికన్నా బరువైన సరుకు దిగేది ఆయన చేను పక్కనే.

ఇది జాలితో చెప్తున్న మాట కాదు, మేనేజ్‌మెంట్ మాటే. యురేనియం తవ్వాలంటే రాయి, సోడా, కరెంటు, నీళ్లు కావాలి. వాటితో పాటు ఊరి ఒప్పుకోలు కూడా కావాలి. అది కూడా ఒక ముడి సరుకే. నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్-పెద్దగట్టులో యురేనియం ఉంది. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు. అక్కడ గని రాలేదు. 2019లో నల్లమల కోసం ఉద్యమం లేచింది. ఆ సెప్టెంబర్‌లోనే నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ జనంలో చాలామంది మాట్లాడింది తుమ్మలపల్లె గురించే. అక్కడ ఏం జరిగిందో చూశాం, మాకొద్దు అని. అంటే ఒక చోట మిగిలిన బురదకు సమాధానం చెప్పకపోతే, దాని ప్రభావం రెండు వందల కిలోమీటర్ల అవతల ఇంకో గని మీద పడుతుంది. 2008లో బాటిల్‌నెక్ గని. ఇప్పుడు బాటిల్‌నెక్ నమ్మకం. దాన్ని టన్నుల్లో కొనలేం.

కాబట్టి ఇంటర్వ్యూలో ఎవరైనా సప్లై చైన్ అంటే ఏంటి అని అడిగితే, ముడి సరుకు నుంచి కస్టమర్ దాకా అని చెప్పి ఆపేయకండి. మిగిలింది ఎక్కడ పెడుతున్నాం, ఎన్నాళ్లు చూసుకుంటాం, దాని ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తున్నాం, ఇది కూడా చైన్‌లో భాగమే అని చెప్పండి. ఆ ఖర్చు కంపెనీ లెక్కల్లో లేకపోతే ఎవరో ఒకరి బోరు నీళ్లలో ఉంటుంది.

మీకో హోంవర్క్. మీ ఊళ్లో ఒక సరుకు తీసుకోండి. చీనీకాయలు కావచ్చు, నాపరాయి కావచ్చు, మంగంపేట ముగ్గురాయి కావచ్చు, ప్రొద్దుటూరు బట్టలు కావచ్చు. డబ్బాలు గీయండి, బాణాలు గీయండి. ఎక్కడ నెమ్మదిగా కదులుతుందో రౌండ్ చుట్టండి. తర్వాత కిలోల లెక్క రాయండి. లోపలికి పోయిన కిలోలు, బయటికి వచ్చిన కిలోలు సమానం కావాలి. సమానం కాకపోతే ఒక డబ్బా గీయడం మరిచిపోయారని అర్థం. ఆ డబ్బా ఎవరి ఇంటి పక్కన ఉందో పోయి చూసి రండి. ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో బాగున్నవి నాలుగు తీసుకుని మాట్లాడుకుందాం. ఉంటాను.